కింది వరసలో పేరు

పెద్ద కాగితానికి ఎడమ అంచున ఎంత తెల్లచోటు వదలాలన్న విషయం మీద ఇంతవరకు రెండు రాజ్యాలు యుద్ధానికి దిగలేదంటే, విషయం అల్పమైనదని కాదు. రాజ్యాలకు ఇంకా అంతటి సంస్కారం అబ్బలేదని. బాజెల్ నగరంలో, రైన్ నది అవతలి ఒడ్డున ఉన్న ప్లాట్నర్ ముద్రణాలయానికి మాత్రం 1956 జూన్ నాటికే ఆ సంస్కారం అబ్బింది. ఆ సోమవారం ఉదయం అక్కడ ఎడమ అంచు గురించి ముప్పావు గంట ఉపన్యాసం సాగింది. ఉపన్యసించినవాడు చిత్రకారుడు యోర్గ్ ఆమన్. వయసు ఇరవై ఎనిమిది. గుండ్రటి కళ్ళద్దాలు, నల్ల ఉన్ని చొక్కా, మెడకు టై లేకపోవడం ఆయన సిద్ధాంతంలో మొదటి మూడు సూత్రాలు. విన్నవాడు ఫోర్‌మన్ ఓత్మార్ గీజిన్. ఎవరూ వినమనకుండానే విన్నది రెగులా చూడిన్.

రెగులా పని అచ్చు విప్పడం. మగవాళ్ళు పేర్చిన సీసపు అక్షరాలు అచ్చయి తిరిగి వచ్చాక, వాటిని కడిగి, వరస వరసగా చేతిలోకి తీసుకుని, ఏ అక్షరాన్ని ఆ అక్షరపు గడిలో వేయడం. పేర్చడం వృత్తి నేర్చినవాళ్ళ పని, విప్పడం ఆడవాళ్ళ పని. ఈ విభజన ఎవరు చేశారో ఎవరికీ తెలియదు గనుక అది సృష్ట్యాదినుంచీ ఉన్నదని అందరూ నమ్మేవారు. పదకొండేళ్ళుగా ఇతరుల వాక్యాలను చివరినుంచి మొదటికి విప్పుతూ ఆమె, ఎవరు ఎక్కడ తొందరపడ్డారో, ఎవరు జాగా కుదరక కాగితపు ముక్కలు దూర్చారో, ఏ పూట ఎవరి మనసు పని మీద లేదో తెలుసుకుంది. నలభై ఒకటో ఏట ఆమెకు కావలసింది ఒక్కటే: కిటికీ పక్కన ఖాళీగా ఉన్న నాలుగో కంపోజింగ్ బల్ల. అడిగినప్పుడల్లా ఓత్మార్ ఎదురు ప్రశ్న వేసేవాడు.

"తొట్టిలో మునిగావా?"

పని నేర్చుకోవడం పూర్తయిన కంపోజిటర్‌ను ముందే మునిగిన ఇద్దరు చెరో భుజం పట్టుకుని, తడిసిన స్పాంజి మీద కూర్చోబెట్టి, ఆపైన నీళ్ళ తొట్టిలో ముంచి తీస్తేగాని ఆ వృత్తి అతన్ని మనిషి కింద లెక్కగట్టదు. మునిగినవాడికి ఒక పత్రం ఇస్తారు. ఓత్మార్ పత్రం, పేర్చిన అక్షరాలను చట్రంలో బిగించే రాతిబల్లకు ఎదురుగా, తీగలూ పువ్వులూ చుట్టుకున్న పాతకాలపు అక్షరాలలో, అద్దం వెనక, గోడమీద పోపుగారి చిత్రపటమంత గంభీరంగా వేలాడుతూ ఉండేది. ఆ అద్దం తుడవడమూ ప్రతి శనివారం రెగులా పనే. ఆడవాళ్ళను ముంచిన దాఖలా ఎక్కడా లేదు. తొమ్మిదేళ్ళుగా ముంచడానికి మగవాళ్ళూ దొరకక, పెరట్లో తొట్టిలో యజమానురాలు ఫ్రావు ప్లాట్నర్ జెరేనియం మొక్కలు పెంచుతూ ఉంది.

ఆమన్ తెచ్చిన పని కుర్చీల ప్రదర్శనకు పోస్టరు. దాని పరిమాణానికి ఆ దేశంలో 'ప్రపంచ కొలత' అని పేరు. ఆ దేశం దాటితే ప్రపంచంలో ఎవరూ దాన్ని వాడరు. ఆమన్ గీసి తెచ్చిన బొమ్మలో 'కుర్చీ' అన్న ఒక్క మాట పైన కొస నుంచి కొసకు సాగింది. దానికింద రెండు లావుపాటి గీతలు, ఒక ఎర్రటి వలయం, ఓ బాణం, అయిదు రకాల పరిమాణాలలో వివరాలు. అన్నిటినీ మధ్యకు పేర్చడమంటే పోయిన రాజులకు వంగి దండం పెట్టడమేనని ఆయన వివరించాడు. కాళ్ళకు గోళ్ళూ కొసలకు తోకలూ ఉన్న అక్షరాలు బూజుపట్టిన కాలానివని, తనకు కావలసింది నునుపైన మొండి అక్షరమని చెప్పాడు.

"ఈ అక్షరానికి గతం లేదు మేస్త్రిగారూ. చర్చి ఎరగదు, దర్బారు ఎరగదు, సంత ఎరగదు. మనతోనే పుట్టింది."

ఓత్మార్ పెన్సిలు చెవిమీద పెట్టుకున్నాడు. "అంత పెద్ద సైజులో పుట్టింది నేలమాళిగలో ఉంది. రెగులా, వెళ్ళి ఆ పసిబిడ్డను ఎత్తుకురా."

నేలమాళిగలో అట్టడుగు సొరుగును రెగులా మోకాళ్ళమీద కూర్చుని లాగింది. సొరుగు మీది చీటీ పైన పాత యజమాని చేతిరాత ఇంకా చెరిగిపోలేదు: 'పందులు, పెద్దవి.' ఫ్రావు ప్లాట్నర్ మామగారి తండ్రి 1899లో పందుల సంత ప్రకటనల కోసమే ఆ చెక్క అక్షరాలు కొన్నాడు. వానలోనూ, చావడి అవతలి గట్టు మీదినుంచీ చదవగలిగే అక్షరం కావాలని రైతులు అడిగితే, కొసలన్నీ చెక్కేసిన ఈ రకం పంపారు. ఆ ప్రకటనలు ఇప్పటికీ ఏటా అచ్చవుతూనే ఉన్నాయి. ఒక్కో ఊళ్ళో సంత ఒక్కో రోజు గనుక, గ్రామ గుమస్తాలు తేదీని చేత్తో రాసుకోవడానికి పైభాగమంతా ఖాళీగా వదలడం ఆనవాయితీ. రెగులా ఒక్కో అక్షరాన్నీ గుడ్డతో తుడిచింది. చెక్క రంధ్రాలలో పోయినేటి పందుల సిరా ఇంకా ఉంది. గతం లేని అక్షరాలను ఆమె పళ్ళెంలో పెట్టుకుని మెట్లెక్కింది.

ఓత్మార్ బొమ్మను బొమ్మలాగే పేర్చాడు. పేర్చడంలో ఆయనకు వంక పెట్టగలవాడు బాజెల్‌లో లేడు. గీతలు గీతల్లా కలిశాయి, వలయం తప్పిపోలేదు. కాని తీసిన ప్రూఫు మాత్రం రైలు వేళల పట్టికమీద ఎవరో కుర్చీ విసిరికొట్టినట్టుంది. సిద్ధాంతం ఎక్కువై కాగితం చాలలేదు. ఆమన్ అప్పటికే జ్యూరిక్ వెళ్ళిపోయాడు, ఇదే ఉపన్యాసం అక్కడా చెప్పడానికి, బుధవారంగాని రాడు.

"ఆయన గీసింది ఇదే. ఆయన చూసుకోవాల్సింది ఇదే," అని ఓత్మార్ చేతులు కడుక్కుని భోజనానికి ఇంటికి వెళ్ళాడు. మిగతావాళ్ళూ వెళ్ళారు.

రెగులా సాసేజి ముక్క, రొట్టె కాగితంలోంచి తీసి, తినకుండానే మళ్ళీ చుట్టింది. రాతిబల్ల ముందు నిలబడి ఫారాన్ని, అంటే చట్రంలో బిగించిన ఆ పేర్పును, చూసింది. విప్పడం ఆమె పని, విప్పింది. గీతలు తీసేసింది. బాణం తీసేసింది. వలయాన్ని కాసేపు చేతిలో ఉంచుకుని, అదీ తీసేసింది. అయిదు పరిమాణాల వివరాలను ఒకే చిన్న పరిమాణంలో, అక్షరాలను వరసగా పట్టి ఉంచే కంపోజింగ్ స్టిక్‌ను కుడిచేతికి మార్చుకుని, ఎడమచేత్తో మళ్ళీ పేర్చింది. ఆమెది ఎడమచేతివాటం. 'కుర్చీ'ని కాగితం అడుగుకు, ఎడమవైపుకు దించింది. అది అంచును తాకితే జారిపడేట్టుంది. మరీ జరిపితే సభలో బెదిరినవాడిలా నిలబడింది. వేలెడు జరిపి చూసింది, అరవేలు వెనక్కి తెచ్చింది. చెక్క అక్షరాల మధ్య ఒకచోట సన్నటి అట్టముక్క దూర్చింది, ఒకచోట తీసింది. చిన్న అక్షరాల దిమ్మను తాడుతో నాలుగు చుట్లు చుట్టి, కొసను మూలలో దోపి, పెద్ద మాటలోని మొదటి నిట్టగీతకు సూటిగా, దానికింద వేలాడదీసింది. పైన మూడింట రెండు వంతుల కాగితం ఖాళీ. ఆ ఖాళీని పూరించడానికి చేయి రెండుసార్లు లేచింది. రెండుసార్లూ ఆమె దాన్ని ఏప్రన్ జేబులో పెట్టుకుంది.

చేతి రోలరుతో ప్రూఫు తీసి గోడకు గుచ్చేసరికి ఓత్మార్ వచ్చాడు. టోపీ తీయకుండా చూశాడు. దగ్గరికి వచ్చి చూశాడు, తలుపుదాకా వెనక్కి నడిచి చూశాడు. తర్వాత ఫారం దగ్గరికి వెళ్ళి తాడు కొసను బొటనవేలితో తడిమాడు.

"ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను?"

రెగులా రోలరు కడగడానికి తీసుకెళ్ళింది. ఓత్మార్ ఫారాన్ని విప్పమని మాత్రం అనలేదు. మధ్యాహ్నమంతా ఆయన వేరే పని చేసుకున్నాడు. వేరే పని అని చెప్పుకున్నాడేగాని అరగంటకోసారి గోడవైపు చూస్తూనే ఉన్నాడు.

*

బుధవారం ఆమన్ వచ్చి గోడముందు చాలాసేపు నిలబడ్డాడు. కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. ఎర్రటి వలయం గురించి అడుగుతాడేమోనని రెగులా గడుల వెనక చేతినిండా అక్షరాలతో కదలకుండా ఉంది.

"మేస్త్రిగారూ," అన్నాడు ఆమన్, గొంతు తగ్గించి, "నా బొమ్మలోంచి నన్ను తీసేశారు."

గదిలో అందరూ విన్నారు. ఓత్మార్ సిరా మరక లేనిచోట ఏప్రన్ దులుపుకున్నాడు.

"అవసరమైంది," అన్నాడు.

అంతే. అబద్ధం కాదు, అవసరమైన మాట నిజమే. రెగులా చేతిలోని వరస జారి బల్లమీద చెల్లాచెదరైంది. పదకొండేళ్ళలో ఆమె చేతినుంచి వరస జారడం అదే మొదలు. తొమ్మిదేళ్ళ కిందట తొట్టిలో ఆఖరున మునిగిన కార్లి మెషీన్ దగ్గరినుంచి వచ్చి ఏరడానికి వంగాడు. "అక్కా, గాలి లేదు, వాన లేదు, ఏమైంది?" అని అడిగి, ఆమె ముఖం చూసి, నోరు మూసుకుని ఏరాడు.

మధ్యాహ్నం ప్రదర్శన సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. ప్రదర్శనలో ప్రతి కుర్చీ పక్కనా దాన్ని చేసిన వడ్రంగి పేరు పెడుతున్నారు గనుక, పోస్టరు కింది వరసలోనూ చిత్రకారుడి పేరుతో పాటు పేర్చినవాళ్ళ పేరూ ఉండాలని సంఘం తీర్మానించింది. సంఘాధ్యక్షుడు ఫ్రిడొలిన్ బూసర్ గురువారం స్వయంగా వచ్చి ఫారం చూసి, పేరు రాసుకుని వెళతాడు. ఫ్రావు ప్లాట్నర్ ఆ ఉత్తరాన్ని మెట్లమీద నిలబడి గట్టిగా చదివింది. అరవై అయిదేళ్ళ వితంతువు. ముద్రణాలయం ఆమెదే, ఎన్నికలలో ఓటు మాత్రం ఆమె దగ్గర జీతం తీసుకునే మగవాళ్ళది. వంద ఏళ్ళుగా కంపోజిటర్ పేరు ఏ పోస్టరు మీదా పడలేదనీ, తన భర్త ఉంటే కాఫీ తాగడం మరిచిపోయేవాడనీ ఆమె అంది. ఓత్మార్ తల ఊపాడు. ఆ సాయంత్రం ఆయన గోడమీది ప్రూఫుకు వీపు పెట్టి పనిచేశాడు.

*

బూసర్ ఓత్మార్ ఈడువాడే. ఇప్పుడు సంఘాలకు అధ్యక్షుడైనా ఒకప్పుడు కంపోజిటర్. గదిలో అడుగుపెట్టగానే చొక్కా చేతులు మడిచాడు. కాఫీ తెచ్చిన ఫ్రావు ప్లాట్నర్, పక్కన ఆమన్, వెనక కార్లి. గోడమీది ప్రూఫును బూసర్ ఒక్కసారే చూశాడు. ఫారాన్ని మాత్రం రాతిబల్ల మీదికి వంగి, భూతద్దం తీసి, మళ్ళీ మళ్ళీ చూశాడు.

"ఈ జాగా వదలడానికి గుండె కావాలి," అన్నాడు. "ఎవరిదీ గుండె?"

"మా ముద్రణాలయానిదే," అన్నాడు ఓత్మార్.

బూసర్ వేలు చిన్న అక్షరాల దిమ్మ చుట్టూ ఉన్న తాడు మీద నడిచింది. ఒక వైపుకు నడిచి ఆగి, వెనక్కి నడిచింది. తాడు చుట్టడంలో ప్రపంచంలోని కంపోజిటర్లందరూ ఒకటే దిక్కు. ఈ తాడు ఆ దిక్కుకు ఎదురు తిరిగింది. ఆయన జేబులోంచి చుట్ట తీసి ఓత్మార్‌ను అగ్గిపుల్ల గీయమన్నాడు. ఓత్మార్ కుడిచేత్తో గీశాడు. బూసర్ చుట్ట వెలిగించుకోకుండానే గదిలో అందరి చేతులనూ ఒక చుట్టు చూశాడు. రెగులా ఎడమచేతిలో గుడ్డ ఉంది.

ఆ చూపు ఎక్కడ ఆగిందో ఓత్మార్ చూశాడు. ఆయన భుజాలు కొంచెం దిగాయి. బరువు దించినట్టో, బరువు పడ్డట్టో చెప్పడం కష్టం.

"సరే. ఆవిడే పేర్చింది," అన్నాడు. "నేను కాదనలేదు, ఎవరూ అడగలేదు. అయినా పేరు వేయడానికి లేదు. ఆవిడ మునగలేదు."

ఆమన్ అది రాతియుగపు మాట అన్నాడు. బూసర్ చేయెత్తి ఆపాడు. తను ఆ రాతియుగంలోనే పుట్టి పెరిగాననీ, నియమం నియమమేననీ, మునగనివాళ్ళ పేరు కింది వరసలో పెడితే రేపు నగరంలోని ప్రతి కంపోజిటర్ సంఘం ముందు తనే నిలబడాలనీ నింపాదిగా చెప్పాడు. ముఖం మాత్రం సంతోషంగా లేదు. "పనిచేసిన మనిషి మునగలేదు. మునిగిన మనిషి పనిచేయలేదు. ఆ చోటు ఖాళీగా వదలడం తప్ప నాకు దారి లేదు," అన్నాడు.

ఖాళీ అన్న మాట దగ్గర రెగులా కదిలింది. గుడ్డను ఎడమచేతిలోనే ఉంచుకుని గోడ దగ్గరికి వెళ్ళి, ఓత్మార్ పత్రాన్ని మేకునుంచి దించింది. శనివారం కాకపోయినా అద్దాన్ని మూలమూలలా తుడిచింది. తెచ్చి రాతిబల్ల మీద, బూసర్ ముందు పెట్టింది.

పాత కంపోజిటర్లు ఏ కాగితాన్నైనా కిందినుంచి పైకి చదువుతారు. తప్పులు అట్టడుగునే దాక్కుంటాయని వాళ్ళ అనుభవం. తీగల కింద, పువ్వుల కింద, పట్టుకుని ముంచిన ఇద్దరు సాక్షుల పేర్లు ఉండవలసిన చోట కాగితం తెల్లగా ఉంది. అది ఆధునిక శైలికి చెందిన ఖాళీ కాదు.

"సాక్షులేరి?" అన్నాడు బూసర్.

ఓత్మార్ బల్ల అంచు పట్టుకున్నాడు. ఆయన చూపు పత్రం మీదినుంచి రెగులా చేతిలోని గుడ్డ మీదికి వెళ్ళింది. ప్రతి శనివారం, పదకొండేళ్ళు. ఆమెకు తెలుసునన్న సంగతి, తెలిసీ ఒక్కనాడూ అనలేదన్న సంగతి అప్పుడే ఆయనకు ఒకదాని వెంట ఒకటి తట్టినట్టుంది.

"పద్దెనిమిదో సంవత్సరం," అన్నాడు. "ఫ్లూ. నలుగురు ఒకచోట చేరకూడదన్నారు. మా తొట్టిని ఆసుపత్రివాళ్ళు దుప్పట్లు నానబెట్టడానికి పట్టుకుపోయారు. ఆ తర్వాత ఎవరికీ గుర్తులేదు. పత్రం నేనే పేర్చుకున్నాను."

"పేర్పు బాగుంది," అన్నాడు బూసర్.

"కింద ఎవరో ఇద్దరి పేర్లు పెడదామనుకున్నాను. స్టిక్ చేతిలోకి తీసుకున్నాను కూడా. లేనివాళ్ళ పేర్లు పేర్చడానికి చేయి రాలేదు."

గదిలో ఎవరూ నవ్వలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా "మునిగావా" అని అందరినీ అడిగిన నోరు అది. ఫ్రావు ప్లాట్నర్ కాఫీ గిన్నెను రాతిబల్ల మీద పెట్టింది. మామూలు రోజున అక్కడ గిన్నె పెట్టినవాళ్ళను ఆమె పనిలోంచి తీసేసేది.

"కార్లీ, శనివారం పొద్దున్నకి నా జెరేనియాలు కుండీల్లోకి మార్చు," అంది. "ఇద్దరికీ కలిపి ఒకే నీళ్ళు. మా ఆయన మునిగిన తొట్టి అది, ఆడా మగా తేడా దానికి తెలీదు. బూసర్‌గారూ, నియమంలో ఆడవాళ్ళు కూడదని ఎక్కడైనా రాసుందా?"

బూసర్ ఆలోచించాడు. రాయవలసిన అవసరం ఎవరికీ తోచలేదని ఒప్పుకున్నాడు.

*

శనివారం పదిగంటలకు పెరట్లో ఎండ వచ్చింది. తొట్టి అడుగున మట్టి పూర్తిగా పోలేదు. నీళ్ళమీద ఓ జెరేనియం రేకు తేలుతూ ఉంది. ఆమన్ తనూ పట్టుకుంటానని ముందుకు వచ్చాడుగాని, మునగనివాడు మునిగేవాళ్ళను తాకరాదని బూసర్ తేల్చడంతో, నవయుగ శైలికి ప్రతినిధిగా ఆయన చెరో చేతిలో ఓ పూలకుండీ పట్టుకుని గోడవారగా నిలబడవలసి వచ్చింది.

ముందు రెగులా. ఫారం ఆమెది గనుక. బూసర్ "పట్టండి" అన్నాడు. కార్లి ఒక భుజం, ఆయనే మరో భుజం. స్పాంజి చల్లదనం వెన్నుదాకా పాకింది. కాళ్ళు నేలను వదిలాయి, ఆకాశం ఒక్కసారి పక్కకు ఒరిగింది, నీళ్ళు చెవులలోకి వచ్చి ప్రపంచం మూతపడింది. లేచేసరికి ఫ్రావు ప్లాట్నర్ చప్పట్లు కొడుతూ ఉంది. పై అంతస్తు కిటికీలలోంచి, పక్క వీధి రొట్టెల దుకాణంలోంచి కూడా ఎవరెవరో చప్పట్లు కొడుతున్నారు. రెగులా ముక్కులోంచి నీళ్ళు చీదింది. నవ్వు ఆపుకోవడానికి ఆమె చేసిన ప్రయత్నం ఫలించలేదు.

తర్వాత ఓత్మార్. ఆయన టోపీ, కోటు మడిచి బెంచీమీద పెట్టాడు. కాని పట్టుకునేందుకు మునిగినవాళ్ళు ఇద్దరుండాలి, ముందే తడిపి ఉంచిన స్పాంజేమో రెగులా బరువుకు పిండుకుపోయింది. దాన్ని మళ్ళీ తడిపి పెట్టే పని కార్లి తీసుకున్నాడు. ఒక భుజం బూసర్‌ది. రెండో భుజం దగ్గర చోటు ఖాళీగా ఉంది. అందరూ ఒకేసారి చూశారు. నీళ్ళు కారుతున్న రెగులా వచ్చి ఓత్మార్ ఎడమ భుజం పట్టుకుంది.

"గట్టిగా పట్టుకో," అన్నాడు ఓత్మార్, ఆమెకు మాత్రమే వినిపించేట్టు. "నాకు ఈత రాదు."

"మోకాలి లోతే మేస్త్రీ."

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"ఎవరూ అడగలేదు," అంది రెగులా, ముంచింది.

ఆయన పైకి వచ్చాక చాలాసేపు కళ్ళు తెరవలేదు. తెరిచాక మొదట అడిగింది ఫారం సంగతి: మెషీన్ ఖాళీగా ఉంది, కింది వరస ఎవరు పేరుస్తారని. అడిగి, తడి బట్టలతోనే లోపలికి నడిచి, నాలుగో బల్లమీద పెట్టిన పాత డబ్బాలూ చిత్తుకాగితాలూ తన చేతులతో దించాడు. కిటికీ తెరిచాడు. స్టిక్ తీసి రెగులాకు ఇచ్చాడు, పేర్చే ఎడమచేయి ఖాళీగా ఉండేట్టు, కుడిచేతికి.

ఆమె తన పేరును మొండి అక్షరాలలో అతి చిన్న పరిమాణంలో పేర్చి కింది వరసలో కూర్చింది. పేర్చేటప్పుడు చేతినుంచి నీటిచుక్కలు సీసం మీద పడుతూ ఉన్నాయి. మొదటి పోస్టరు మెషీన్లోంచి వచ్చినప్పుడు కార్లి దాన్ని రెండు చేతులమీదా పసిబిడ్డలా ఎత్తి చూపించాడు. తర్వాత ఓత్మార్ తన పత్రాన్ని చట్రంలోంచి తీసి ఆమె ముందు పెట్టాడు. రెగులా పాత తీగల అక్షరాల సొరుగు తెరిచి, సాక్షుల చోట బూసర్ పేరు, దాని పక్కన తన పేరు పేర్చి, చేత్తో అచ్చుగుద్దింది. రెండూ సరిగ్గా మధ్యకు. ఆమన్ చూశాడు, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. పత్రం మళ్ళీ గోడకెక్కింది. అద్దం ఈసారి ఓత్మారే తుడిచాడు.

ఆదివారానికి నగరంలోని ప్రకటన స్తంభాలన్నిటి మీదా పోస్టరు నిలబడింది. సోమవారం ఒక పత్రిక, ఆ నిర్మలమైన శూన్యంలో యూరప్ ఖండం తన గతాన్ని కడుక్కుని కొత్తగా ఊపిరి పీల్చుకున్నదని రాసింది. ఆమన్ ఆ ముక్కను కత్తిరించి తెచ్చి నాలుగో బల్లకు ఎదురుగా అంటించాడు. చిత్రకారుడి పేరు కింద కంపోజిటర్ పేరు కూడా వ్యాసంలో ఉందని వేలితో చూపించాడు. రెగులా రెండుసార్లు చదివి, తన మొదటి సొంత పనికి కూర్చుంది. ఏటా జూన్ చివర వచ్చే పనే: నేలమాళిగ సొరుగు, అవే చెక్క అక్షరాలు, మాట అడుగున ఎడమవైపు, పైన తేదీకి వదలవలసిన ఖాళీ. గురువారానికల్లా చుట్టుపక్కల ఊళ్ళలో అవీ అంటించారు.

ఆ శనివారం కుర్చీల ప్రదర్శన వాకిట్లోకి ముగ్గురు రైతులు బూట్లు దులుపుకుంటూ వచ్చి, గోడమీది కుర్చీల పోస్టరును వేలితో చూపించి, ఈ సంత ప్రకటన మీద తేదీ రాయడం ఎందుకు మరిచారని, పందులను ఏ పక్క కట్టారని అడిగి వెళ్ళారు.